నూటనలభై గ్రేడు మధ్యాహ్నం

పొద్దున ఏడయ్యేసరికి హన్నమ్మ షెడ్డు ముందు నీళ్ళు చల్లి, పీపా మూత తీసి, ఆయిలు పోసే డబ్బాని పాత చీరగుడ్డతో తుడిచి సిద్ధంగా పెట్టేది. తిరువూరులో గంపలగూడెం రోడ్డు మీద, బస్సులు మలుపు తిరిగేచోట, నాలుగు తాటిదుంగల మీద నిలబెట్టిన రేకుల షెడ్డు అది. మెకానిక్కు ప్రభుదాసు షెడ్డంటే చుట్టుపక్కల పదిహేను ఊళ్ళ రైతులకి తెలుసు. చేలకి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడు ఓ జీపు వచ్చేవి. విప్పడం, బిగించడం ప్రభుదాసు పని. ఆయిలు పోయడం హన్నమ్మ పని. పెళ్ళైన కొత్తలో ఒకనాడు చేతులు నిండా గ్రీజుతో ఉండి, "కాస్త ఆ డబ్బా అందుకుని పొయ్యవే" అన్నాడు ప్రభుదాసు. పోసింది. ఇరవై రెండేళ్ళుగా పోస్తూనే ఉంది.

హన్నమ్మ చేతిలోంచి ఆయిలు ఎంత నిదానంగా జారితే, ఆ రేకుల కింద ఉన్నవాళ్ళకి పొద్దు అంత నిదానంగా జరిగేది. ముప్ఫై గ్రేడు ఆయిలైతే పెద్ద తేడా తెలిసేది కాదు, ఓ బీడీ కాల్చేంత సేపు కలిసొచ్చేదంతే. నలభై గ్రేడైతే ఇద్దరు మనుషులు కూచుని అన్నం తిని లేచేవాళ్ళు. ట్రాక్టరు గేరుపెట్టెలో పోసే తొంభై గ్రేడు రోజైతే మిషను స్కూలు పంతులమ్మ ప్రేమావతి పరీక్ష కాగితాల కట్ట చంకన పెట్టుకుని వచ్చి, మూల బల్ల మీద కూచుని నలభై కాగితాలు దిద్దేసి, ఇంటర్వెల్ బెల్లు మోగకముందే బళ్ళోకి వెళ్ళిపోయేది. "రేపు గేరాయిలు ఏమన్నా ఉందా హన్నమ్మా?" అని ముందే కనుక్కునేది. రోడ్డుకి అవతల టీ కొట్టు అంకారావుకి మాత్రం దీనితో కాస్త ఇబ్బంది. టీ చెప్పి గంటైందని షెడ్డులోవాళ్ళు గొడవపడితే, "మీకు గంట, నాకు రెండు నిమిషాలు! పాలు పొంగొద్దూ!" అని ఆయన వాదన. ఇద్దరిదీ నిజమే గనక ఆ గొడవ ఎప్పటికీ తేలేది కాదు.

డెబ్భై నాలుగో సంవత్సరం మొదట్లో ఆయిలుకి కటకటగా ఉండేది. బెజవాడ నుంచి నెలకి రెండు పీపాలు వచ్చే 'శిఖరం' ఆయిలు ఒక్క పీపాకి వచ్చింది, తర్వాత అదీ సగమే వచ్చింది. సరిగ్గా అప్పుడే సీతారామారావు స్కూటరు మీద 'మెరుపు' ఆయిలు తెచ్చాడు.

సీతారామారావు నలభై దాటిన మనిషి. బట్టతల, ఖాకీ సంచి, ఎప్పుడూ నవ్వు మొహం. అంతకుముందు తలనూనె అమ్మేవాడు. ఆ సంగతి తనే చెప్పేవాడు. "నా తల చూశాక ఎవరూ కొన్లేదమ్మా. అందుకని ఇంజన్లకి మారాను. ఇంజనుకి జుట్టు మొలవక్కర్లేదు కదా!"

ఆరోజు వినగడప దశరథరామయ్య షెడ్డులోనే ఉన్నాడు. పన్నెండెకరాల దాళ్వా వరి వేసిన రైతు. గొంతు పెద్దది, తొందర ఇంకా పెద్దది. ఆయన మెరుపు డబ్బాలో వేలు ముంచి పైకెత్తాడు. తీగ సాగింది.

"ఇదిగో, తేనె చూడు తేనె! మీ శిఖరం ఇలా సాగుతుందా? చిక్కగా ఉన్నదే బలం."

హన్నమ్మ కూడా ఓ చుక్క తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసింది. శిఖరం జారుతుంది, మెరుపు అంటుకుంటోంది. అది మంచికో చెడుకో తేల్చుకోలేకపోయింది.

"చల్లగా ఉన్నప్పుడు చిక్కగానే ఉందండి" అంది. "ఇంజను వేడెక్కాక ఎట్లా ఉంటుందో మరి."

"ఇందులో పన్నెండు మందులు కలిపారమ్మా" అన్నాడు సీతారామారావు, రంగుల కాగితం విప్పుతూ. "మసి పేరుకోకుండా ఒకటి, నురగ రాకుండా ఒకటి, తుప్పు పట్టకుండా ఒకటి."

"మిగతా తొమ్మిదీ?"

ఆయన కాగితాన్ని దగ్గరికి, దూరానికి జరిపి చూశాడు. "అవి ఇంగ్లీషులో ఉన్నాయమ్మా."

దశరథరామయ్య పకపకా నవ్వి, తనకీ, పక్క చేలవాళ్ళిద్దరికీ కలిపి ఆరు డబ్బాలు తీసుకున్నాడు. శిఖరం ఎటూ దొరకడం లేదు. అందులోనూ మెరుపు డబ్బాకి ఓ ఇత్తడి గరాటు ఊరికే ఇస్తున్నారు. వాటిని ఎవరి చేలో వాళ్ళే ఇంజన్లలో పోసుకున్నారు. అందుకే మెరుపు ఆయిలు హన్నమ్మ చేతికి రానేలేదు.

ఫిబ్రవరి ఆఖర్లో దశరథరామయ్య ఇంజను పట్టేసింది. పిస్టను లైనరుకి కరుచుకుపోయి, చక్రం ఇటు తిరగదు, అటు తిరగదు. నాలుగు రోజులకి పక్క చేనుది, ఆ వారంలోనే మూడోది. మూడూ కొత్త సంవత్సరం ప్రార్థనలైన వెంటనే ప్రభుదాసు విప్పి, రింగులు మార్చి బిగించిన ఇంజన్లే. వరి పొట్టకొచ్చిన సమయం. తడి అందకపోతే గింజ తాలైపోతుంది.

"ప్రభుదాసు చెయ్యి చెడింది" అన్న మాట వినగడపలో పుట్టి, గంపలగూడెంలో బస్సెక్కి, తిరువూరులో దిగింది. ఎవరూ ఎదటపడి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. షెడ్డు ముందు ఆగవలసిన ట్రాక్టర్లు ఆగకుండా వెళ్ళిపోయాయి.

ప్రభుదాసు మూడు రోజులు తన చేతులకేసి చూసుకుంటూ కూచున్నాడు. నాలుగో రోజు పానాలన్నీ కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, గోనెసంచిలో చుట్టి తాడు కట్టాడు.

"ఖమ్మంలో మీ అన్న ఏసోబు గోడౌనుకి కాపలా మనిషి కావాలన్నాడుగా" అన్నాడు భార్యతో. "ఆదివారం గుడయ్యాక బస్సెక్కుతా. నేను కుదురుకున్నాక నువ్వూ వద్దువుగాని."

"కాపలాకా? నీకు పడుకుంటే ఉరుమొచ్చినా మెలకువ రాదు."

ఆ మాటకి ఎప్పుడైనా నవ్వేవాడే. ఆరోజు నవ్వలేదు. హన్నమ్మకి భయమేసింది.

మర్నాడే ఆమె వినగడప బస్సెక్కింది. దశరథరామయ్య చేలో వాగు ఒడ్డున, తాటాకు పందిరి కింద ఇంజను చల్లబడి కూచుని ఉంది. మళ్ళలో మట్టి నెర్రెలివ్వడం మొదలెట్టింది. ఆయన గట్టు మీద పచార్లు చేస్తున్నాడు.

"ఎందుకొచ్చావమ్మాయ్? మొగుడి తరఫున క్షమాపణా?"

"కాదండి. మీ ఇంజన్లో ఆయిలు కావాలి. ఓ సీసాడు."

"పాడైపోయిన ఆయిలెందుకు?"

"పాడైంది ఇంజనా, ఆయిలా అని చూడాలండి."

ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు. హన్నమ్మ వంగి, ఇంజను అడుగున మర విప్పి సీసా పట్టింది. ఆయిలు నల్లగా, గబగబా దిగింది. అడుగున మాత్రం గచ్చకాయంత మసిముద్ద పడింది. ఆమె సీసాతో పాటు, సగం మిగిలిన మెరుపు డబ్బా కూడా అడిగి తీసుకుంది.

సాయంత్రం ప్రేమావతి దగ్గర రెండు అద్దుడు కాగితాలు తెచ్చుకుంది. పెళ్ళికి ముందు బెజవాడ వర్కుషాపులో ప్రభుదాసు నేర్చుకుని, కొత్తలో ఆమెకి సరదాగా చూపించిన పరీక్ష అది. ఒక కాగితం మీద ట్రాక్టరులోంచి తీసిన పాత శిఖరం చుక్క, రెండో దాని మీద దశరథరామయ్య ఇంజన్లో మెరుపు చుక్క వేసి, కిటికీలో పెట్టింది. తెల్లారి చూస్తే శిఖరం చుక్క పొద్దుతిరుగుడు పువ్వులా విచ్చుకుని ఉంది. మసి అంచుల దాకా సమంగా పాకింది. మెరుపు చుక్కలో మసి అంతా నడిమధ్యన బొట్టులా ఉండిపోయి, చుట్టూ ఉత్త నూనె మరక.

కాగితాలు రెండూ తెచ్చి మొగుడి ముందు పెట్టింది. ప్రభుదాసు చాలాసేపు చూశాడు.

"మసిని మోసుకుపోయే మందు ఇందులో లేదు" అన్నాడు నెమ్మదిగా.

"పన్నెండున్నాయన్నాడుగా?"

"ఒక్కటి కూడా లేదు." అంతలోనే మళ్ళీ తల వంచుకున్నాడు. "అయినా మసి ఒక్కదానికే ఇంజను పట్టేయదు హన్నా. నా చేతిలో ఏదో తప్పు జరిగే ఉంటుంది."

ఆయిలు పోసి చూపిస్తానని హన్నమ్మ కబురు పెడితే, గురువారం పొద్దున పదింటికి దశరథరామయ్య ట్రాక్టరు షెడ్డు ముందు ఆగింది. ట్రాలీలో మూడు ఇంజన్లు, బెజవాడ నుంచి తెప్పించిన కొత్త లైనర్లు, పిస్టన్లు, ఓ అరటి గెల ఉన్నాయి. "నీ పరీక్ష ఏంటో చెయ్యి. తేలకపోతే ఇటునుంచి ఇటే మైలవరం మేస్త్రీ దగ్గరికి పోతా" అన్నాడు. సీతారామారావుకీ కబురు పంపారు. పాపం, ఆయన కొత్త గరాటు ఒకటి బహుమతిగా పట్టుకొచ్చాడు. ప్రభుదాసు రానన్నవాడు వచ్చి, వెనక దుంగకి ఆనుకుని నిలబడ్డాడు.

హన్నమ్మ రెండు గిన్నెల్లో ఒకే కొలతన రెండు ఆయిళ్ళూ తీసుకుంది. పీపా అడుగున మిగిలిన శిఖరం ఒకటి, మెరుపు ఒకటి. ముందు చల్లగా ఉన్నవే పోస్తానంది. రేకుకున్న చిల్లులోంచి ఎండ చారలా పడి, నేల మీద రూపాయి బిళ్ళంత వెలుగు నిలిచింది. శిఖరం పోసినంతసేపూ ఆ బిళ్ళ చీమలా నడిచింది. మెరుపు పోసినప్పుడు దాదాపు కదల్లేదు. ఇటు మనుషులు ఊరికే కూచోలేక ఊరి సంగతులు రెండు విడతలు చెప్పుకున్నారు.

"చూశావా!" అన్నాడు దశరథరామయ్య. "మెరుపే చిక్కన. నే చెప్పలా?"

సీతారామారావు మొహం వెలిగింది.

"ఇంజన్లో ఎప్పుడూ చల్లగా ఉండదు కదండీ" అని హన్నమ్మ కిరసనాయిలు పొయ్యి వెలిగించి, శిఖరం గిన్నె పెట్టింది. పక్కన నీటి చుక్క చిలకరిస్తే గిన్నె అంచున చుయ్‌మనేదాకా కాచి, గుడ్డతో పట్టుకుని వంచింది. వెలుగు బిళ్ళ ఇందాకటికన్నా చురుగ్గా నడిచింది, కానీ నడకే. మనుషులు ఓ గుటక టీ తాగారు.

తర్వాత మెరుపు గిన్నె పెట్టి, అంతే కాచి, వంచింది.

అది నీళ్ళలా దూకింది. నేల మీద వెలుగు బిళ్ళ ఎలక పరిగెత్తినట్టు ఈ మూల నుంచి ఆ మూలకి పోయింది. రోడ్డు మీద పదిన్నర బస్సు హారనూ, పన్నెండింటి బస్సు హారనూ ఒకదాని మీద ఒకటి మోగాయి. దశరథరామయ్య నోటిదాకా ఎత్తిన టీ చల్లారి మీగడ కట్టింది. బడి గంట రెండుసార్లు కొట్టారు. గిన్నె ఖాళీ అయ్యేసరికి అందరికీ కడుపులో ఒక్కసారిగా ఆకలి పుట్టింది. రెప్పపాటు కిందట పదీ ఇరవై, ఇప్పుడు బయట ఒంటిగంటన్నర.

మెరుపు ఆయిలు ఎంత తొందరగా జారిపోయిందో ప్రతివాళ్ళకీ ఒంట్లోనే తెలిసింది.

"లోపల పిస్టనుకీ ఇదే జరిగింది" అంది హన్నమ్మ. "వేడెక్కగానే మధ్యన నిలబడాల్సిన ఆయిలు నిలబడలేదు. ఇనుమూ ఇనుమూ రాసుకున్నాయి. ఈ సాగే బంక ఏదో చల్లగా ఉన్నప్పుడు మనల్ని నమ్మించడానికి కలిపారు."

సీతారామారావు తెచ్చిన గరాటుకేసి చూసి, దాన్ని నెమ్మదిగా సంచిలో దాచేశాడు. "నాకు తెలీదమ్మా" అన్నాడు. "ఒట్టు. కాగితంలో రాసింది చదివాను. చదవగలిగినంత."

దశరథరామయ్య లేచాడు. షెడ్డు మూలన తాడు కట్టి పెట్టిన గోనెసంచి దగ్గరికి వెళ్ళి, తనే దాన్ని ఎత్తుకొచ్చి ప్రభుదాసు కాళ్ళ ముందు పెట్టాడు.

"హన్నమ్మా, నీ పరీక్ష బానే ఉంది. నా పూట పోయింది గదమ్మా! చేలో నెర్రెలు వేళ్ళు పట్టేంతయ్యాయి. ఇవాళ సాయంత్రానికి తడి పడకపోతే మూడు చేలూ పోయినట్టే. ఒరే ప్రభుదాసూ, మూడు ఇంజన్లకీ ఎంతసేపు పడుతుంది?"

"ఒక్కోదానికి రోజు" అన్నాడు ప్రభుదాసు. "రాత్రిళ్ళు కూడా కూచుంటే మూడు రోజులు. అంతకన్నా తొందరపడితే మళ్ళీ పట్టేస్తుందండి."

అందరూ బయట ఎండకేసి చూశారు. హన్నమ్మ మాత్రం అటక మీదికి చూసింది. అక్కడ పాత లారీ ఒకదానికి తెప్పించిన గేరాయిలు, నూటనలభై గ్రేడు డబ్బా, నిండుగా ఉంది. ఆ గ్రేడు ఆమె ఎప్పుడూ పోయలేదు.

"సీతారామారావుగారూ, బస్టాండు దగ్గర ఐసుబండి ఉంటుంది. ఓ బకెట్టుడు ఐసు పట్రండి. చల్లబడితే ఇంకా చిక్కనవుతుంది."

ఆయన స్కూటరు సంగతి మర్చిపోయి పరిగెత్తాడు. డబ్బాని ఐసులో, తడి ఇసకలో పాతిపెట్టి ఉంచారు. చెయ్యి పెడితే జివ్వుమనేదాకా ఆగి, హన్నమ్మ డబ్బా మూతికి మేకుతో కంత పెట్టింది. చెక్కపెట్టె మీద డబ్బా ఆనించి, కింద బేసిను పెట్టి, ముక్కాలి పీట మీద కూచుంది.

"అంకారావుకి నాలుగు టీలు చెప్పండి" అంది. "మళ్ళీ ఎప్పుడు తాగుతామో." అంకారావు గ్లాసులు నింపుకుని రోడ్డు మీదికి అడుగుపెట్టగానే డబ్బా వంచింది.

ఆయిలు కంతలోంచి బయటికి వచ్చి, దారమంత సన్నగా, బేసినుకేసి బయల్దేరింది. నేల మీది వెలుగు బిళ్ళ ఉన్నచోటే ఆగిపోయింది. రోడ్డు మీద అంకారావు టీ గ్లాసులు పట్టుకుని, ఒక కాలు పైకెత్తి, అలాగే ఉండిపోయాడు.

ప్రభుదాసు గోనెసంచి తాడు విప్పాడు.

మొదటి ఇంజను విప్పేటప్పుడు ఒక్కో బోల్టూ రెండేసిసార్లు చూసుకున్నాడు. లైనరు బయటికొచ్చాక, గోడల మీద నిలువునా గీతలు, అడుగున మసి చూశాక చెయ్యి చురుకందుకుంది. రింగులు వేసినవి వేసినట్టే, సరైన చోటే ఉన్నాయి. "చూడు హన్నా, చూడు!" అని దాన్ని తెచ్చి ఆమె కళ్ళ ముందు తిప్పి చూపించాడు. ఆమె దారం తెగకుండా తల మాత్రం ఊపింది.

ఆ రేకుల కింద మిట్టమధ్యాహ్నం అలాగే నిలబడి ఉంది. చల్లపడదు, చీకటి పడదు. దశరథరామయ్య చొక్కా తీసేసి విసనకర్రతో తనకి నాలుగు, హన్నమ్మకి నాలుగు విసురుతూ కూచున్నాడు. ఎంతసేపైందో తెలియడానికి సీతారామారావు గడియారమే దిక్కు. దానికి కీ ఇచ్చినప్పుడల్లా ఒక రోజు అయిందని లెక్క. ఆయన ఖాళీగా కూచోలేక వాల్వులు రుద్దడం మొదలెట్టాడు. మొదటిది పాడు చేశాడు, రెండోది ప్రభుదాసు మళ్ళీ రుద్దాడు, మూడోదానికి మాత్రం "బానే ఉందండోయ్" అనిపించుకున్నాడు.

అన్నం క్యారేజీ ఒక్కటే ఉంది. నలుగురూ దాన్ని మొదటిరోజే తినేశారు. హన్నమ్మ రెండు చేతులూ డబ్బా మీదే ఉన్నాయి గనక, ప్రభుదాసు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, మాగాయతో అన్నం కలిపి ముద్దలు పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో అతను ఆమెకి అన్నం తినిపించడం అదే మొదలు. దశరథరామయ్య అటు తిరిగి రోడ్డుకేసి చూడసాగాడు. తర్వాత రెండు రోజులూ అరటిపళ్ళే. గెల సగం పచ్చిది. ఐసుతో చల్లబెట్టిన డబ్బా పక్కన అవి పండవని కూడా అందరికీ తెలిసొచ్చింది.

మిగతా ఇద్దరూ టార్పాలిను మీద గుర్రు పెడుతున్నప్పుడు ప్రభుదాసు అడిగాడు.

"నువ్వు కూడా అనుకున్నావా హన్నా, నా చెయ్యి చెడిందని?"

"అనుకున్నా" అంది హన్నమ్మ. "ఓ పూట. తర్వాత వినగడప వెళ్ళా."

అతను బేరింగు గీరుతున్నాడు. "నేను రెండు వారాలు అనుకున్నా" అన్నాడు. ఆపైన ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆమె నవ్వుతుంటే దారం సన్నగా ఊగింది. "ఊగించకు, అంకారావు కింద పడతాడు" అన్నాడతను. మళ్ళీ నవ్వారు. ఇంట్లో ఎప్పుడూ పని, వచ్చేపోయేవాళ్ళు. వాళ్ళిద్దరూ తీరిగ్గా ఇన్ని మాటలు మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో. పెళ్ళినాడు అతని కోటు జేబులో మర్చిపోయిన పానా గురించి, హన్నమ్మ నాన్న పాడే పాటల గురించి, చెప్పుకున్న సంగతే మళ్ళీ చెప్పుకుంటూ కూచున్నారు. ఆమెకి కునుకు రాకుండా ఉండడానికే అతను మాట్లాడిస్తున్నాడని ఆమెకి తెలుసు. తెలిసినట్టు చెప్పలేదు.

మూడోసారి గడియారానికి కీ ఇస్తూ సీతారామారావు, "ఇవాళ ఆదివారమండీ, మన లెక్కకి" అన్నాడు.

ప్రభుదాసు చేతిలో మూడో ఇంజను బేరింగు ఉంది. తలెత్తి భార్యని చూశాడు.

"గుడైపోయుంటుంది" అన్నాడు.

"అయిపోయుంటుంది."

"ఖమ్మం బస్సు కూడా పోయుంటుంది."

"పోయింది" అంది హన్నమ్మ.

"పోతే పోయిందిలే. సీతారామారావుగారూ, ఆ పద్నాలుగో నంబరు పానా ఇలా అందుకోండి."

గుడికి వెళ్ళలేదు గనక హన్నమ్మ కూచున్నచోటే ఓ పాట ఎత్తుకుంది. ప్రభుదాసు అందుకున్నాడు. పాట తెలియని దశరథరామయ్య ఇంజను హెడ్డు మీద అరచేత్తో తాళం వేశాడు. తప్పు తాళమే గానీ గట్టిగా వేశాడు. పాట అయ్యాక సీతారామారావు ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "అమ్మా, నేను పద్నాలుగు ఊళ్ళలో అమ్మాను. మళ్ళీ పద్నాలుగు ఊళ్ళూ తిరిగి ఒక్కో డబ్బా వెనక్కి తెస్తాను. ఆ తర్వాత మీ ఆయన ఒప్పుకుంటే, వాల్వులు రుద్దడానికి వస్తాను."

"మొదటిది పాడు చేశారుగా" అన్నాడు ప్రభుదాసు.

"మూడోది బావుందన్నారుగా!"

మూడో ఇంజనుకి ఆఖరి బోల్టు బిగించేసరికి డబ్బా అడుగంటింది. దారం చుక్కలైంది. చుక్క చుక్కకీ వెలుగు బిళ్ళ కాస్త కాస్త కదిలింది. ఆఖరి చుక్క బేసిన్లో పడగానే అంకారావు ఎత్తిన కాలు నేల మీద ఆనింది. ఆయన గబగబా వచ్చి గ్లాసులు అందించాడు.

"ఇదిగో వేడివేడి టీ. చూశారా, ఎంత తొందరగా తెచ్చానో" అని ప్రభుదాసు మొహం చూసి, "పొద్దున గీసుకున్నట్టున్నావే, గడ్డం బాగా పెరిగిందే" అన్నాడు.

"పెరిగింది" అన్నాడు ప్రభుదాసు టీ ఊదుకుంటూ.

మూడింటికల్లా ఇంజన్లు ట్రాలీ ఎక్కాయి, ఐదింటికి చేలో దిగాయి. పీపా అడుగున ఉన్న శిఖరమంతా హన్నమ్మ మూడింట్లోనూ పంచి పోసింది. చాలీచాలనట్టే ఉంది, చాలింది. ప్రభుదాసు చక్రం పట్టి తిప్పాడు. మొదటి తిప్పుకి దగ్గింది, రెండో తిప్పుకి పొగ వదిలింది, మూడో తిప్పుకి అందుకుంది. వాగు నీళ్ళు గొట్టంలోంచి ఒక్క ఊపున బయటికి దూకి, కాలవలో ఎండిన ఆకుల్ని తోసుకుంటూ పోయాయి. దశరథరామయ్య నీళ్ళ వెంట పంచె ఎగ్గట్టి, చిన్నపిల్లాడిలా గట్టు మీద పరిగెత్తాడు.

హన్నమ్మ కుడిచెయ్యి డబ్బా పట్టుకున్నట్టే వంగి ఉండిపోయింది, చాపుదామంటే సాగలేదు. దశరథరామయ్య భార్య సరోజినీదేవి అందరికీ అన్నాలు తీసుకొచ్చి, అది చూసి, "అయ్యో, ఇదేంటమ్మా!" అని గిన్నెలు దించి, గట్టు మీదే కూచుని, ఆముదం గోరువెచ్చగా కాచి ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని రాయసాగింది. పైనుంచి కిందికి, పైనుంచి కిందికి. ఇంజను దబదబ మోత సమంగా వినిపిస్తోంది. ప్రభుదాసు దాని పక్కనే నిలబడి, తల వంచి, చెవి పెట్టి వింటున్నాడు. అతని మొహాన ఇప్పుడు అనుమానం లేదు. హన్నమ్మ అతన్ని చూస్తూ చూస్తూ, సరోజినీదేవి భుజం మీదికి ఒరిగి, మూడు రోజులు ఆపుకున్న నిద్రలోకి ఒక్కసారిగా జారిపోయింది.

ఆమెని ఎవరూ లేపలేదు. తెల్లవారి కళ్ళు తెరిచేసరికి మీద దుప్పటి ఉంది, చెయ్యి చాచి ఉంది, కాళ్ళ దగ్గర చల్లగా ఉంది. నీళ్ళు మళ్ళన్నీ నింపుకుని, ఆఖరి మడి గట్టు దాకా వచ్చి, ఆమె పాదాల్ని తాకుతున్నాయి.